వైసులో చుక్క

అక్టోబరు రెండో వారం, వేట మొదలయ్యే ముందు
ఆరిన్ జెస్సప్ వస్తాడు.
వయోమింగ్ గాలి అతనికంటే ముందే తలుపు తోసుకొస్తుంది.
చొక్కా మీద చొక్కా, దాని మీద తోలుకోటు,
వాటన్నిటి లోపల్నుంచి, పిల్లికూనను తీసినట్టు,
దుప్పటిముక్కలో చుట్టిన పిస్తోలు.

ఇరవై రెండేళ్ళ నాటిది.
బారెల్ కింద స్ప్రింగును మోసే కడ్డీ ఉంటుందే,
దాని కడుపులోనే లేజరు.
బయటికేమీ కనపడదు. పక్కనున్న మీట నొక్కితే
ఎదురుగోడ మీద గురివిందగింజంత ఎరుపు.
చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
విడిభాగాలడిగితే టోకువాళ్ళు నవ్వుతారు,
నవ్వనివాడు ధర చెప్పి మనల్ని నవ్విస్తాడు.

నాకీ పని నేర్పింది మా మేనత్త ఇల్సా పెల్కీ.
"చెయ్యి తొందరపడితే స్ప్రింగు నీ కన్ను వెతుక్కుంటుంది" అనేది.
అందుకే నిదానం.
మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీయేనని
కంటితో ఒకసారి, చిటికెనవేలితో ఒకసారి.
ఏడాదిపాటు అతని జేబు పోగుచేసినవన్నీ
పళ్ళ బ్రష్షుతో రాలుస్తాను:
ఎండుగడ్డి పొట్టు, పొగాకు నుసి,
ఒక ఏడు గొర్రెబొచ్చు కూడా.
నూనె ఒక్క చుక్కే. రెండోది దుమ్ముకు పెట్టే భోజనం.
బిళ్ళ బ్యాటరీలు మూడు. పాతవి తీస్తే
ఒకదాని అంచున తెల్లటి పొంగు,
ఎండిన ఉప్పుచెరువు ఒడ్డులాగ.

"ఈసారి అదే పాడైంది," అన్నాడు.
"ఏది?"
"చుక్క. నిలవదు. సీసాలో పడ్డ తూనీగలా కొట్టుకుంటోంది."
లోపల ఏదో వదులైందంటాడు.
ముప్ఫయ్యేళ్ళు బోర్లు తవ్వినవాడు,
ఏ యంత్రం ఎక్కడ వదులైందో చెవితోనే చెప్పేవాడు.

కొత్త బిళ్ళలు వేసి మళ్ళీ కూర్చాను.
బెంచి వైసు దవడలకు తోలుముక్కలు పెట్టి
పిస్తోలు బిగించాను.
షాపు దీపం ఆర్పాను.
మీట నొక్కాను.

అవతలి గోడ మీద, క్యాలెండరు పక్కన,
తుప్పుపట్టిన మేకు తలను ఆనుకుని
ఎరుపు.
కదల్లేదు.
గాలికి పైన రేకులు మోగాయి. కదల్లేదు.
వీధిలో పశువుల లారీ పోయింది,
సీసాలో స్క్రూలు గలగలమన్నాయి,
అప్పుడు మాత్రం వెంట్రుకవాసి జరిగి
మళ్ళీ తన చోటుకొచ్చింది.

ఏదో ఒకటి చెప్పాలి.
అబద్ధాలు చేతికందే ఎత్తులోనే ఉన్నాయి:
కాంటాక్టుకు మురికి పట్టింది, గీకేశాను.
స్ప్రింగు అలిసిపోయింది, అందుకే.
గురివిందకు తన నలుపు తెలీదట;
ఈ గురివిందకు
పట్టుకున్న చెయ్యి తప్ప ఏమీ తెలీదు,
తెలిసింది దాచుకోవడం అసలే తెలీదు.

ఆరిన్ గోడనే చూస్తున్నాడు.
చాలాసేపు చూశాడు.
లేచి వచ్చి కుడిచెయ్యి వైసు మీద పెట్టాడు,
గుర్రం మెడ మీద పెట్టినట్టు.
ఇనుము మీద అతని ఉంగరం
టిక్ టిక్ టిక్ టిక్
గడియారం కంటే తొందరగా.
చీకట్లో నేను క్యాలెండరు చదువుతున్నట్టు నిలబడ్డాను.

"మంచి బిగింపు," అన్నాడు.
"మా మేనత్తది," అన్నాను.

దీపం వేశాక బ్యాటరీలు తీసెయ్యమన్నాడు, మూడూ.
"వేసి ఉంచితే కారతాయిగా."
నిజమే, కారతాయి. ఏటా నేనే చెప్పే మాట.
పిస్తోలు చుట్టబోతే వద్దన్నాడు.
"ఉండనీ. స్ప్రింగు మార్చి ఉంచు.
తొందరేం లేదు."
ఆ స్ప్రింగు ఎక్కడా దొరకదని
ఇద్దరికీ తెలుసు.
ముందుగానే డబ్బిచ్చాడు. తీసుకున్నాను.

బిళ్ళల పొట్లం చొక్కా జేబులో వేసుకుని
గుండీ పెట్టుకోబోయాడు.
ఒకసారి. రెండుసార్లు.
నేను చెయ్యి సాచలేదు.
మూడోసారి పట్టింది.

బయట గాలి తలుపు తియ్యనివ్వలేదు,
భుజంతో నెట్టుకుని వెళ్ళాడు.